‘ఫైన్’ అనే ఇంగ్లీషు మాటకు ఎన్ని అర్థాలు? తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో డిగ్రీ విద్యార్థులకూ, పోటీ పరీక్షలకు చదువుకునేవారికీ ఇంగ్లీషు చెబుతూ వచ్చిన ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువసార్లు ఆపి అడిగిన మాట ‘ఫైన్’. కష్టమైన మాట ఎదురైతే పిల్లలు నిఘంటువు తెరుస్తారు. తెలిసిందేననుకున్న మాటకు నిఘంటువు తెరవరు, అందుచేత అక్కడే తప్పు చేస్తారు. కింది ప్రశ్నలన్నీ తరగతిలో వచ్చినవే. జవాబులను మాత్రం మన అంగళ్ళలో, చేలలో, ఇళ్ళలో కనబడే వస్తువులను ఆనుకొని తీరికగా రాశాను, ఎందుకంటే ఈ మాటకు అర్థం దాని పక్కన ఏ వస్తువు నిలబడిందన్న దాన్ని బట్టే తేలుతుంది.

ప్రశ్న: ఇంత చిన్న మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

అన్నిటికీ మూలం లాటిన్ భాషలోని ‘ఫీనిస్’ అనే మాట. కొస, హద్దు, ముగింపు అని దానికి అర్థాలు. అది పాత ఫ్రెంచిలో ‘ఫిన్’గా మారి, అక్కడి నుంచి 13వ శతాబ్దంలో విశేషణంగా ఇంగ్లీషులోకి చేరింది. ముగింపు అనే అర్థం నుంచి ‘మేలైనది’ అనే అర్థం ఎట్లా పుట్టిందంటే, కొసదాకా చేరిన వస్తువులో ఇక మెరుగు పెట్టడానికి ఏమీ మిగలదు. మలినమంతా పోయేదాకా కరిగించిన లోహం స్వచ్ఛమైనది, కనుక ‘స్వచ్ఛం’ అనే అర్థం వచ్చింది. చివరిదాకా పనితనం చూపిన నగగానీ బట్టగానీ మోటుగా ఉండదు, కనుక ‘నాజూకు’, ‘సన్నం’ అనే అర్థాలు వచ్చాయి. సన్నని తేడాను పసిగట్టడానికి చురుకైన చూపు కావాలి, కనుక ‘సూక్ష్మం’ అనే అర్థమూ దానికి తోడైంది. ఈ క్రమం ఒకసారి మనసుకు పట్టిందంటే, అర్థాలను విడివిడిగా బట్టీ పట్టవలసిన అవసరం చాలావరకు తీరిపోతుంది.

మా ఊరి పేరు ‘గడప’ నుంచి వచ్చిందనీ, తిరుమలేశుని సన్నిధికి ఇది గడప అనీ మేము చెప్పుకుంటాము. గడప కూడా హద్దే కదా! హద్దును చెప్పే మాట ఘనతను చెప్పే మాటగా మారడం మా ఊరివాళ్ళకు వింతగా తోచకూడదని విద్యార్థులతో అంటుంటాను.

ప్రశ్న: ‘బాగుంది’ అనే ఫైనూ, ‘జరిమానా’ అనే ఫైనూ ఒకే మాటేనా, లేక రెండు వేరువేరు మాటలు ఒకే రకంగా పలుకుతున్నాయా?

రెండూ ఆ ‘ఫీనిస్’ బిడ్డలే, కాకపోతే దారులు వేరు. మంచిదనే అర్థమున్నది విశేషణంగా వచ్చింది. జరిమానా అనే అర్థమున్నది నామవాచకంగా, న్యాయస్థానాల దారిలో వచ్చింది. మధ్యయుగపు లాటిన్‌లో తగాదాను ముగించడానికి చెల్లించే సొమ్మును ‘ఫీనిస్’ అనేవారు. అంటే మొదట్లో అది శిక్ష కాదు, పరిష్కారం. సొమ్ము కడితే వ్యవహారం ముగిసినట్టే. కాలం గడిచేకొద్దీ ‘ముగింపు సొమ్ము’ అనే భావం వెనక్కి పోయి, ‘తప్పు చేసినందుకు కట్టే సొమ్ము’ అనే భావం ముందుకు వచ్చింది.

దీనికి ఇంగ్లండు భూమి వ్యవహారాల్లో మంచి సాక్ష్యం ఉంది. భూమి మీద వేసిన దావా రాజీతో ముగిసినప్పుడు, ఆ ఒప్పందాన్ని ఒకే తోలు పత్రం మీద మూడుసార్లు రాసి, మూడు ముక్కలుగా కత్తిరించి, ఇరుపక్షాలకు చెరొకటి ఇచ్చి, అడుగున ఉన్న మూడవ ముక్కను రాజు ఖజానాలో దాచే పద్ధతి 1195లో మొదలైంది. ఆ రాజీ ఒప్పందానికి పేరు ‘ఫైన్’. అందులో జరిమానా ఊసే లేదు. 1833లో చట్టం చేసి ఆ పద్ధతిని తీసివేసేదాకా భూమి హక్కును ఒకరి నుంచి మరొకరికి మార్చడానికి దాన్ని వాడుకున్నారు. పాత ఇంగ్లీషు దస్తావేజుల్లో ఈ మాట కనబడితే ‘ఎవరికో జరిమానా వేశారు’ అని అనువదించేవారు ఇప్పటికీ ఉన్నారు. అది పూర్తిగా తప్పు.

‘ఫైనాన్స్’ కూడా ఈ దారిలో వచ్చినదే. బాకీని తీర్చి ముగించడం అన్నది దాని మొదటి అర్థం. ఈనాడు మన ఊళ్ళలో బాకీ మొదలయ్యేచోట ఆ బోర్డు కనబడుతుంది.

ప్రశ్న: తెలుగులో జరిమానాకు మనకు సొంత మాట లేదా?

ఉన్నాయి, ఒకటి కాదు. ‘జరిమానా’ పారసీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. దానికి ముందు నుంచి ‘దండుగ’ ఉంది. దండం అంటే శిక్ష గనుక దండుగ అంటే శిక్షగా కట్టిన సొమ్ము. ఊరికే పోయిన సొమ్ము కాబట్టి ‘దండగ’ అంటే వృథా అనే అర్థం తరువాత స్థిరపడింది, ఇప్పుడు మొదటి అర్థం చాలామందికి గుర్తు లేదు. మా సీమ పల్లెల్లో ఇంకా బతికి ఉన్న మాట ‘తప్పు’. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చుని “వానికి ఐదువందలు తప్పు వేసినారు” అంటే, ఐదువందల జరిమానా విధించారని. “తప్పు కట్టినాడు” అంటే ఆ సొమ్ము చెల్లించాడని. చేసిన పనికీ, దానికి కట్టే సొమ్ముకూ ఒకే మాట వాడడం మన భాషలోనూ ఉందన్నమాట. ఇంగ్లీషు తగాదా ముగింపును చూసి పేరు పెట్టింది, తెలుగు తగాదా మొదలును చూసి పేరు పెట్టింది. ఈ తేడా నాకు ఎంతో ఇష్టం, తరగతిలో చెప్పకుండా వదిలిన సంవత్సరం లేదు.

ప్రశ్న: ‘ఫైన్’, ‘పెనాల్టీ’, ‘ఫీజు’, ‘డ్యామేజెస్’ ఒకదానికొకటి పర్యాయపదాలా?

పరీక్షలో మొదటి రెండింటిని పర్యాయపదాలుగా ఇస్తారు, దానికి అభ్యంతరం లేదు. అసలు వాడుకలో మాత్రం తేడా పాటించాలి. ఫైన్ అంటే నేరానికీ నియమభంగానికీ విధించే సొమ్ము. పెనాల్టీ అన్నది అంతకన్నా విశాలమైన మాట. సొమ్ము మాత్రమే కాదు, ఏ రకమైన శిక్షగానీ నష్టంగానీ అందులోకి వస్తుంది, అందుకే ఫుట్‌బాల్‌లోనూ పెనాల్టీ ఉంటుంది. ఫీజు అంటే పొందిన సేవకు కట్టే రుసుము, అందులో తప్పు అనే భావమే లేదు. డ్యామేజెస్ అంటే నష్టపోయినవారికి ఇప్పించే పరిహారం. ఫైన్ సాధారణంగా ప్రభుత్వానికి పోతుంది, డ్యామేజెస్ బాధితులకు పోతాయి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, దానికి ముందున్న 1860 నాటి శిక్షాస్మృతిలోనూ శిక్షల వరుసలో ఫైన్ చోటు చేసుకుంది. అక్కడ దాన్ని ‘జరిమానా’ అనే అనువదించాలి, ‘రుసుము’ అనకూడదు.

ఆలస్యమైన పుస్తకానికి గ్రంథాలయంలో కట్టేది కూడా ఫైనే. పిల్లలు దాన్ని ‘లేటు ఫీజు’ అంటారు, వాడుకలో చెల్లుతుంది.

ప్రశ్న: బియ్యం బస్తా మీద ‘ఫైన్’, ‘సూపర్ ఫైన్’ అని ఉంటుంది. అది నాణ్యత గురించా, సన్నదనం గురించా?

సన్నదనం గురించి. ఇదే నేను ఎక్కువగా సరిదిద్దవలసి వచ్చే తప్పు. ‘ఫైన్ రైస్’ను విద్యార్థులు ‘మంచి బియ్యం’ అని రాస్తారు. బియ్యం వ్యాపారంలో అది ‘సన్న బియ్యం’, దానికి ఎదురుమాట ‘దొడ్డు బియ్యం’. దొడ్డు బియ్యం చెడ్డవి కావు, గింజ లావు, అంతే. కె.సి. కాలువ కింద పండి ‘కర్నూలు సోనా’ పేరుతో అమ్ముడుపోయే బియ్యానికి ఉన్న గిరాకీ గింజ సన్నదనం వల్ల కూడా వచ్చినదే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కర్నూలు నుంచి కడపదాకా నీళ్ళు తెచ్చే ఆ కాలువ గట్టున నిలబడి ఏ రైతును అడిగినా ‘సన్నాలు’, ‘దొడ్డువి’ అనే చెబుతాడు గానీ ‘మంచివి’, ‘చెడ్డవి’ అని విడదీయడు.

సన్నని వస్తువుకు పేరు, ధర ఎక్కువ కావడంతో ‘సన్నం’లోకి ‘మేలు’ అనే భావం మెల్లగా చేరుతుంది. ఇంగ్లీషులోనూ అదే జరిగింది. అయితే తెలుగు ‘సన్న’ మరొక దిక్కుకు కూడా పోయింది. ‘సన్నకారు రైతు’ అంటే నాజూకైన రైతు కాదు, రెండున్నర ఎకరాల లోపు భూమి ఉన్నవాడు. అక్కడ దాన్ని ఫైన్ అని తిరిగి ఇంగ్లీషులోకి మార్చబోతే అర్థం చెడిపోతుంది.

ప్రశ్న: ‘థిన్’, ‘స్లిమ్’, ‘స్లెండర్’, ‘ఫైన్’ అన్నీ సన్నమే కదా, ఏది ఎప్పుడు వాడాలి?

థిన్ చాలావాటికి చెల్లుతుంది, పలచదనాన్ని కూడా చెబుతుంది. పలుచని మజ్జిగ థిన్ అవుతుంది గానీ ఫైన్ కాదు. స్లిమ్, స్లెండర్ అనేవి మనిషి ఒంటికీ, నిలువుగా పొడవైన వాటికీ వాడతారు, వాటిలో మెచ్చుకోలు ఉంటుంది. ఫైన్‌ను దారానికి, వెంట్రుకకు, గీతకు, పొడికి, వాన తుంపరకు వాడతారు. మనిషిని ‘ఫైన్’ అంటే సన్నగా ఉన్నాడని అర్థం రాదు. ఆరోగ్యంగా ఉన్నాడనో, మంచివాడనో అర్థం వస్తుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ‘ఫైన్ గోల్డ్’ అంటారు. అదేమిటి? 916 అనే అంకెకు దానితో సంబంధం ఏమిటి?

నగల వ్యాపారం వల్ల ప్రొద్దుటూరును రెండవ ముంబై అంటారు. అక్కడి పిల్లలకు ఈ అర్థం ఇంట్లోనే తెలుసు, మిగతావాళ్ళకు వాళ్ళచేతనే చెప్పిస్తాను. ఫైన్ గోల్డ్ అంటే ఏ కలుపూ లేని మేలిమి బంగారం. ‘ఫైన్‌నెస్’ అంటే నగలోని వెయ్యి పాళ్ళలో మేలిమి ఎన్ని పాళ్ళో చెప్పే కొలత. 24 క్యారెట్లంటే దాదాపు పూర్తి మేలిమి కాబట్టి 999 అని ముద్ర వేస్తారు. 22ను 24తో భాగిస్తే 0.9166 వస్తుంది, అదే 916. 18 క్యారెట్లు 750. అంటే 10 గ్రాముల 22 క్యారెట్ల గాజులో మేలిమి 9.16 గ్రాములు, మిగిలినది రాగి, వెండి వంటి లోహాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య కూడా తప్పనిసరి అయింది. ఆ అంకె నగను గుర్తు పట్టడానికి, 916 అన్నది ఫైన్‌నెస్ చెప్పడానికి.

కొత్త నగను చూసి “వెరీ ఫైన్” అంటే పనితనాన్ని మెచ్చుకున్నట్టు. ‘ఫైన్ గోల్డ్’ అంటే లోహం స్వచ్ఛత చెప్పినట్టు. ఒకే నగలో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావచ్చు కూడా. పూర్తి మేలిమి మెత్తగా ఉంటుంది, సన్నని పనితనం నిలవాలంటే కొంత కలుపు ఉండవలసిందే. కాబట్టి పనితనంలో ఫైన్ అయిన నగ లోహంలో పూర్తిగా ఫైన్ కాకపోవచ్చు.

ఈ కొలతకు తెలుగు మాట ‘వన్నె’. ‘పదహారు వన్నె బంగారం’ అని పెద్దలు అనేది ఊరికే అలంకారం కోసం కాదు. పూర్వం స్వచ్ఛతను వన్నెల్లో లెక్కించేవారు, పదహారు అంటే నిండు స్వచ్ఛత. గీటురాయి మీద గీసి రంగు చూసి వన్నె కట్టేవారు. ‘వన్నె’ అంటే రంగు కాబట్టి రంగే కొలత అయింది. ఇంత చక్కని మాట ఉండగా పాఠ్యపుస్తకాల్లో ‘సూక్ష్మత’ అని రాయడం చూసి నాకు బాధ కలుగుతుంది. బంగారం విషయంలో ఫైన్‌నెస్‌ను ‘సూక్ష్మత’ అనడం పదానికి పదం పెట్టడమే, అర్థం చెప్పడం కాదు.

ప్రశ్న: ధర్మవరం నేతగాళ్ళు ‘ఫైన్ కౌంట్’ అంటారు. అంకె పెరిగితే దారం సన్నబడుతుందా, లావవుతుందా?

నూలుకైతే అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో నంబరు. 40 నంబరు నూలు పౌనుకు 33,600 గజాలు, 100 నంబరు నూలు పౌనుకు 84,000 గజాలు. అంతే బరువులో ఎక్కువ పొడవు రావాలంటే దారం సన్నగా ఉండి తీరాలి. పట్టు లెక్క దీనికి తలకిందులు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు కాబట్టి, అంకె తగ్గేకొద్దీ పోగు సన్నం. ధర్మవరంలో పట్టు గనుక రెండవ లెక్క గుర్తుంచుకోవాలి. రెండు చోట్లా ‘ఫైనర్’ అనే మాట ఒకటే, అంకెలు మాత్రం ఎదురెదురుగా నడుస్తాయి. అనువాదంలో ‘సన్న పోగు’ అంటే చాలు. దీనికి ఎదురు ‘ముతక’.

ప్రశ్న: పిండికి, ఇసుకకు, మట్టికి ‘ఫైన్’ వాడితే?

తెలుగులో ఇక్కడ వస్తువును బట్టి మాట మారుతుంది. పిండికి ‘మెత్తని’, గంధానికి ‘నున్నని’, ఇసుకకు ‘సన్నని’. సంగటికి రాగులు విసిరించేటప్పుడు మా అమ్మ “మెత్తగా పట్టించుకొని రా” అనేది, రవ్వకైతే “బరకగా” అనేది. ఇంగ్లీషులో మొదటిది ఫైన్, రెండవది కోర్స్.

ఇంజనీరింగ్ పిల్లలకు ఇది కొలతతో వస్తుంది. కాంక్రీటులో ‘ఫైన్ అగ్రిగేట్’ అంటే 4.75 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగే ఇసుక, అందులో దిగనిది కంకర. మట్టి పరీక్షలో 75 మైక్రాన్ల జల్లెడ హద్దు. కర్నూలు వైపు నల్లరేగడి అందులోంచి ఎక్కువ భాగం దిగే మన్ను, కాబట్టి ‘ఫైన్ గ్రెయిన్డ్ సాయిల్’. నీళ్ళు తాగితే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఆ నేల మీద ఇల్లు కట్టేవారికి ‘ఫైన్’ అన్నది మెచ్చుకోలుగా వినబడదు! సిమెంటులోనూ ఫైన్‌నెస్ ఉంది. ఎర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీల్లో తయారయ్యే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు కూడా, కిలోలోని రేణువుల ఉపరితలమంతా కలిపితే కనీసం 225 చదరపు మీటర్లు ఉండేంత మెత్తగా నలగాలి. ఎంత మెత్తగా ఉంటే నీళ్ళతో అంత వేగంగా కలిసి గట్టిపడుతుంది. ఇక గాలి కాలుష్యం వార్తల్లో ‘ఫైన్ పార్టికల్స్’ అంటే రెండున్నర మైక్రాన్లకు మించని ధూళి. దాన్ని ‘మంచి కణాలు’ అని రాసిన జవాబు పత్రం నేను నిజంగా దిద్దాను. రాసిన విద్యార్థి తెలివైనవాడే, ఒక్క అర్థమే తెలిసి ఉండడం వల్ల వచ్చిన చిక్కు అది.

ప్రశ్న: ‘హౌ ఆర్ యూ’ అంటే ‘ఐ యామ్ ఫైన్’ అనాలని నేర్పారు. అది తప్పంటున్నారు, నిజమా?

తప్పు కాదు. దాని బరువు తెలుసుకుని వాడాలి, అంతే. ఒకప్పుడు ఘనతను చెప్పిన మాట ఈ వాక్యంలో అరిగిపోయి ‘బాగానే ఉన్నాను’, ‘పరవాలేదు’ స్థాయికి దిగింది. ఒంట్లో బాగా లేకపోయినా మర్యాద కోసం అంటారు. నిజంగా సంతోషంగా ఉన్నామని తెలపాలంటే ‘వెరీ వెల్’ వంటివి వాడవచ్చు.

అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. అనంతపురం నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి పోయిన నా పాత విద్యార్థి ఒకరు ఫోనులో అడిగారు. ఆఫీసులో “కాఫీ తాగుతారా” అంటే అవతలివాళ్ళు “ఐ యామ్ ఫైన్” అంటున్నారనీ, ఇవ్వాలో మానాలో తెలియడం లేదనీ. అక్కడ దాని అర్థం ‘వద్దు’. నాకు ఏ లోటూ లేదు, కాబట్టి అవసరం లేదని. మనం “చాలు చాలు” అన్నట్టు. అదే ‘దట్ ఈజ్ ఫైన్’ అంటే ‘సరే’. ఒక్క ‘ఫైన్’ అని విసురుగా అంటే ‘సరే, నీ ఇష్టం’ అనే కినుక. సందర్భం, పలికే స్వరం తప్ప వీటిని విడదీసే గుర్తు ఏదీ లేదు. రాతలో, ముఖ్యంగా పై అధికారికి ఇచ్చే జవాబులో, ఒంటిగా ‘ఫైన్’ అని రాయవద్దని నా సలహా.

ప్రశ్న: ‘ఫైన్ వెదర్’ అంటే?

మబ్బులేని, వానలేని, ఎండ కాసే రోజు. వానలతో విసిగే ఇంగ్లండులో పుట్టిన అర్థం ఇది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో, చెనిక్కాయ విత్తి ఆకాశం చూసే రైతుకు మంచి రోజంటే మోడం (మబ్బు) పట్టిన రోజు. కనుక ‘ఇట్ ఈజ్ ఎ ఫైన్ డే’ని ‘మంచి రోజు’ అని అనువదిస్తే, మనవాళ్ళు ముహూర్తం అనుకుంటారు, లేదా వానొస్తుందనుకుంటారు. ‘ఆకాశం తేటగా ఉంది’ అనాలి. దీని పర్యాయపదాలు ‘ఫెయిర్’, ‘క్లియర్’, ‘సన్నీ’.

ప్రశ్న: ‘ఫైన్ ఆర్ట్స్’లో ఫైన్ అంటే నాజూకా?

కాదు, సౌందర్యం. ఫ్రెంచివాళ్ళు వీటిని ‘అందమైన కళలు’ అంటారు, ఇంగ్లీషు ఆ భావానికి ఫైన్‌ను తీసుకుంది. అవసరానికి చేసే వస్తువులకు భిన్నంగా, అందం కోసమే చేసే చిత్రం, శిల్పం వంటివి ఇవి. తెలుగులో ‘లలిత కళలు’ స్థిరపడింది, చక్కగా కుదిరింది. 2020లో కడపలో వాస్తుకళ, లలిత కళల విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఈ ప్రశ్న అడిగేవారు పెరిగారు.

ప్రశ్న: ‘ఫైన్ ప్రింట్’?

పత్రాల కింద సన్న అక్షరాలతో అచ్చువేసే షరతులు. అప్పు తీసుకునే ముందు చదవవలసినవి అవే.

ప్రశ్న: క్రికెట్‌లో ‘ఫైన్ లెగ్’ ఎందుకన్నారు?

అక్కడ ఫైన్ అంటే పిచ్ గీతను వెనక్కి పొడిగిస్తే దానికి దగ్గరగా ఉండడం. ఆ గీతతో ఏర్పడే కోణం సన్నగా ఉంటుంది. గీతకు అడ్డంగా, బ్యాటర్‌కు పక్కగా ఉంటే ‘స్క్వేర్’. వ్యాఖ్యాత “కాస్త ఫైనర్‌గా కొట్టాడు” అంటే బాగా కొట్టాడని కాదు, వికెట్ల వెనక సన్నని కోణంలో కొట్టాడని.

ప్రశ్న: ఒకే వాక్యంలో ఈ అర్థాలన్నీ ఎవరైనా వాడారా?

షేక్‌స్పియర్ వాడారు. హామ్లెట్ నాటకం ఐదవ అంకంలో, శ్మశానంలో ఒక కపాలాన్ని చూసి ఇది భూములు కొన్న న్యాయవాదిది కావచ్చునని హామ్లెట్ అనుకునే చోట, ఒకే వాక్యంలో ఫైన్ నాలుగుసార్లు వస్తుంది. మొదటిది ముగింపు, రెండవది నేను పైన చెప్పిన భూమి ఒప్పందం, మూడవది చక్కనిది, నాలుగవది మెత్తని మట్టి. చక్కని తలలో చివరికి మెత్తని మన్ను నిండడమే ఆ భూమి పత్రాలన్నిటికీ ముగింపా అని అర్థం. 1195 నాటి పద్ధతి తెలియనివారికి ఈ వాక్యం సగమే అందుతుంది.

ప్రశ్న: పరీక్షలో ‘ఫైన్’కు పర్యాయపదం అడిగితే సరైనదాన్ని ఎట్లా పట్టుకోవాలి?

పర్యాయపదం కోసం వెతకవద్దు. ముందు ఎదురుమాట వెతకండి. వాక్యంలో ఫైన్ పక్కనున్న వస్తువుకు ఎదురుగుణం ఏమిటో తెలుగులో అనుకోండి. బట్టకు ముతక, పిండికి బరక, బియ్యానికి దొడ్డు, బంగారానికి కల్తీ, ఆకాశానికి మోడం, ఒంటికి జబ్బు. ఎదురుమాట తేలిన మరుక్షణమే పర్యాయపదం తేలుతుంది: ముతకకు ఎదురు ‘డెలికేట్’, కల్తీకి ఎదురు ‘ప్యూర్’, మోడానికి ఎదురు ‘క్లియర్’, జబ్బుకు ఎదురు ‘హెల్దీ’. ఏ ఎదురుగుణమూ తట్టకుండా మెచ్చుకోలు మాత్రమే కనబడితే ‘ఎక్సలెంట్’, ‘స్ప్లెండిడ్’ వైపు చూడండి. సొమ్ము అంకె కనబడితే ‘పెనాల్టీ’. ‘ఫైన్ డిస్టింక్షన్’ వంటి చోట సన్నని తేడా అని అర్థం కాబట్టి ‘సటిల్’. బట్టీ పట్టిన ఇరవై పర్యాయపదాల పట్టికకన్నా ఈ పద్ధతి నా విద్యార్థులకు ఎక్కువ ఉపయోగపడింది.

ప్రశ్న: దీనికోసం ఏ నిఘంటువు చూడాలి?

అర్థంతోపాటు వాడుక ఉదాహరణలిచ్చే ఏ నిఘంటువైనా సరే. కడపలో ఉన్నవారికి మరొక మాట చెబుతాను. 1820లో ఇక్కడికి ఉద్యోగిగా వచ్చి, బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి వ్రాతప్రతులు సేకరింపజేసిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆయన బంగళా ఉన్నచోటే ఈనాడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. అక్కడ కూర్చుని ఇంగ్లీషు నుంచి తెలుగుకు కాకుండా, తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళండి. సన్నం, మేలిమి, వన్నె, నాజూకు, తప్పు, దండుగ అనే మాటలను ఒక్కొక్కటే తీసి చూడండి. ఒకే ఇంగ్లీషు మాటకు మనవాళ్ళు ఎన్ని మాటలు పెట్టుకున్నారో ఒక పూటలో తెలుస్తుంది.

ప్రశ్న: ‘ఫైండ్’, ‘ఫైన్డ్’, ‘పైన్’ వీటిని ఎట్లా పలకాలి?

జరిమానా వేశారు అనే ‘ఫైన్డ్’, కనుక్కో అనే ‘ఫైండ్’ పలకడంలో ఒకటే, రాతలో వేరు. వినేటప్పుడు వాక్యాన్ని బట్టే తెలుసుకోవాలి. కాలం విషయంలో జాగ్రత్త అవసరం: ‘ఫైండ్’కు భూతకాలం ‘ఫౌండ్’, ‘ఫైన్’కు భూతకాలం ‘ఫైన్డ్’. జరిమానా వార్త రాస్తూ ‘హి వాజ్ ఫౌండ్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్’ అని రాసినవారున్నారు. ఇక ‘పైన్’ దేవదారు జాతి చెట్టు. మనలో చాలామందికి ‘ఫ’ అలవాటు తక్కువ కాబట్టి రెండూ ‘పైన్’ అయిపోతాయి. పై పళ్ళను కింది పెదవికి తాకించి గాలి వదిలితే ‘ఫ’ వస్తుంది, పెదవులు రెండూ మూసి విడిస్తే ‘ప’. రోజూ అద్దం ముందు పదిసార్లు పలికితే వారంలో తేడా తెలుస్తుంది.